రూటర్ పేజీలో ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి? 1858 నుంచి మన ఇంటి దాకా

మీ ఇంట్లో నెట్ బాక్స్ ఒకసారి తిరగేసి చూడండి. అడుగున ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద 192.168 తో మొదలయ్యే ఒక అడ్రస్, ఒక యూజర్ నేమ్, ఒక పాస్‌వర్డ్ ఉంటాయి. ఆ అడ్రస్ బ్రౌజర్‌లో కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది. మనలో చాలామంది ఆ పేజీకి వెళ్ళేది వైఫై పాస్‌వర్డ్ మార్చడానికి మాత్రమే. పక్కనే "స్టేటస్" అని ఇంకొకటి ఉంటుంది. అందులో డీబీ, డీబీఎం, మార్జిన్, ఎర్రర్లు అని ఏవేవో అంకెలు.

ఈరోజు ఆ అంకెల చరిత్ర చెప్తాను. దీనికో కారణం ఉంది.

2020 లాక్‌డౌన్‌లో నేను హైదరాబాద్ నుంచి మా ఊరు వెళ్ళిపోయాను. ఇంట్లో ఫైబర్ కనెక్షన్. నాకు ఆఫీసు కాల్స్, చెల్లికి ఆన్‌లైన్ క్లాసులు. స్పీడ్ టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా వచ్చేది. కానీ రోజుకి నాలుగైదుసార్లు నెట్ పోయేది, రెండు మూడు నిమిషాలకి మళ్ళీ వచ్చేది. ఫోన్ చేస్తే ఒకటే జవాబు: "మా వైపు నుంచి అంతా బాగానే ఉంది సార్, ఒకసారి బాక్స్ ఆఫ్ చేసి ఆన్ చేయండి." ఆఖరికి చెల్లి పరీక్ష రాస్తుండగా రెండుసార్లు పోయింది. రెండోసారి ఆ పరీక్ష సాఫ్ట్‌వేర్ తనని మళ్ళీ లోపలికి రానివ్వలేదు. నేను బీటెక్ చదివాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, మా ఇంటికొచ్చే తీగలో ఏం జరుగుతోందో నాకు తెలియదు. ఆ రోజు చెల్లి ముందు సిగ్గేసింది. ఆ రాత్రే మొదటిసారి ఆ స్టేటస్ పేజీ చదివాను. ఏం కనబడిందో చివర్లో చెప్తాను. ముందు కథ.

కథ సముద్రం అడుగున మొదలవుతుంది.

1858 ఆగస్టు. ఐర్లాండ్ నుంచి ఉత్తర అమెరికాకి అట్లాంటిక్ సముద్రం కింద మొదటి టెలిగ్రాఫ్ కేబుల్ వేశారు. ఇంగ్లండ్ రాణి విక్టోరియా అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కి సందేశం పంపింది. 98 మాటలు. అవి అవతలకి చేరడానికి 16 గంటలు పట్టింది. లెక్క వేయండి, ఒక్కో మాటకి దాదాపు పది నిమిషాలు. చరిత్రలో మొదటి "స్లో నెట్" ఫిర్యాదు ఇదే అనుకోవచ్చు.

ఎందుకంత నెమ్మది? విలియం థామ్సన్ అనే ప్రొఫెసర్, తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యాడే, ఆయనే, దీన్ని ముందే చెప్పాడు. పొడవాటి కేబుల్‌లో ఈ చివర ఒక్క దెబ్బ కొడితే అది ఆ చివర దెబ్బలా చేరదు. సాగిపోయి, చప్పబడిపోయి, నెమ్మదిగా పొంగి నెమ్మదిగా తగ్గే అలలా చేరుతుంది. ఈ ఆలస్యం పొడవుతో మామూలుగా కాదు, పొడవు వర్గంతో పెరుగుతుందని ఆయన లెక్క కట్టాడు. అంటే కేబుల్ రెండింతలైతే ఇబ్బంది నాలుగింతలు అనమాట.

ఆ కంపెనీలో ఎలక్ట్రీషియన్ వైల్డ్‌మన్ వైట్‌హౌస్. చదువు రీత్యా వైద్యుడు, శస్త్రచికిత్స చేసేవాడు. ఆయన ఈ లెక్కని ఒప్పుకోలేదు. అవతల సరిగా వినబడకపోతే ఇవతల గట్టిగా అరవాలి, అంతే కదా అన్నది ఆయన పద్ధతి. పెద్ద పెద్ద కాయిల్స్ పెట్టి సుమారు 2000 వోల్టుల దాకా ఎక్కించాడు. అప్పటికే లోపాలున్న కేబుల్ ఇన్సులేషన్ ఆ దెబ్బకి తట్టుకోలేదు. మూడు వారాల్లో కేబుల్ మూగబోయింది. ఎంతో డబ్బు సముద్రంలో కలిసింది. థామ్సన్ చేసింది దీనికి తలకిందులు. పంపే చోట బలం పెంచకుండా, అందుకునే చోట చాలా సున్నితంగా కొలిచే పరికరం తయారు చేశాడు. చిన్న అద్దం, దాని మీద పడి కదిలే వెలుగు చుక్క. 1866లో కొత్త కేబుల్ నిలబడింది. మొదటిదానికంటే ఎన్నో రెట్లు వేగంగా పనిచేసింది.

ఇక్కడ ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి. లైన్ బాగాలేనప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి గుడ్డిగా బలం పెంచడం. రెండోది కొలిచి చూడడం. ఈ కథంతా ఆ రెండు దారుల మధ్యే నడుస్తుంది.

ఇప్పుడు టెలిఫోన్‌కి వద్దాం. 1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కి టెలిఫోన్ పేటెంట్ వచ్చింది. 1881లో అదే బెల్ ఇంకో పేటెంట్ తీసుకున్నాడు, దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. రెండు తీగల్ని జడలాగా మెలిపెట్టడం. పక్కనుంచి వచ్చే రొద రెండు తీగల మీదా సమానంగా పడుతుంది, తేడా చూస్తే కొట్టేసుకుపోతుంది. మన ల్యాండ్‌లైన్ అదే, ఈరోజు కంప్యూటర్ వెనక పెట్టే నెట్‌వర్క్ కేబుల్ లోపల ఉండేది కూడా అదే.

అయినా మాట దూరం వెళ్ళేకొద్దీ చప్పబడేది. దీన్ని ఛేదించినవాడు ఆలివర్ హెవిసైడ్. పాతికేళ్ళైనా నిండకముందే టెలిగ్రాఫ్ ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని లెక్కలు చేసుకున్న మనిషి. 1887 నాటికి ఆయన ఒక వింత మాట చెప్పాడు: లైన్‌కి ఇండక్టెన్స్ అనేది కావాలని కలిపితే మాట చెదరకుండా వెళ్తుంది. బ్రిటిష్ పోస్టాఫీసులో పెద్ద ఇంజినీరు విలియం ప్రీస్. ఇండక్టెన్స్ అంటే లైన్‌కి శత్రువు అని ఆయన నమ్మకం. హెవిసైడ్ పేపర్ బయటికి రాకుండా అడ్డుపడ్డాడు. చివరికి అమెరికాలో జార్జ్ క్యాంప్‌బెల్, మైకేల్ పుపిన్ ఆ ఆలోచనని కాయిల్స్ రూపంలో ఆచరణలో పెట్టారు. 1900లో పేటెంట్ పుపిన్‌కి వెళ్ళింది, టెలిఫోన్ కంపెనీ ఆయనకి బోలెడు డబ్బిచ్చింది. హెవిసైడ్‌కి ఏమీ దక్కలేదు.

ఆ లోడింగ్ కాయిల్స్‌ని గుర్తుంచుకోండి, తర్వాత మళ్ళీ వస్తాయి.

సరే, లైన్ ఎంత చప్పబడిందో చెప్పడానికి కొలత కావాలి కదా. అమెరికాలో మొదట్లో "స్టాండర్డ్ కేబుల్ మైలు" అని వాడేవాళ్ళు. అంటే ఫలానా లైన్‌లో నష్టం ఇన్ని మైళ్ళ ప్రామాణిక కేబుల్‌లో పోయినంత అని చెప్పడం. మనిషి చెవి పట్టుకోగల అతి చిన్న తేడా ఇంచుమించు ఒక మైలు నష్టమంత ఉండేది. 1920లలో బెల్ సంస్థ ఇంజినీర్లు దాని స్థానంలో లెక్కకి అనువైన కొత్త యూనిట్ తెచ్చారు. 1928లో దానికి బెల్ పేరు మీదుగా డెసిబెల్ అని పేరు పెట్టారు. మీ రూటర్ పేజీలో ఉన్న "డీబీ" ఇదే.

డీబీ చూసి భయపడక్కర్లేదు. రెండు ముక్కలు గుర్తుంటే చాలు. 3 డీబీ తగ్గితే శక్తి సగమైంది. 10 డీబీ తగ్గితే పదోవంతు అయింది. కాబట్టి 20 అంటే వందోవంతు, 30 అంటే వెయ్యోవంతు, 60 అంటే పది లక్షల్లో ఒక వంతు. పాత కాపర్ మోడెమ్ పేజీలో "లైన్ అటెన్యుయేషన్ 60" అని ఉంటే, ఎక్స్ఛేంజ్‌లో బయల్దేరినదాంట్లో పది లక్షల్లో ఒక వంతే మీ గుమ్మం దాకా వచ్చిందని అర్థం. అదే 20 ఉంటే మీరు ఎక్స్ఛేంజ్‌కి దగ్గర్లో ఉన్న అదృష్టవంతులు.

కానీ సిగ్నల్ ఒక్కటే చాలదు. అదే 1928లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ జాన్సన్, హ్యారీ నైక్విస్ట్ ఒక సంగతి ప్రకటించారు. ఏ తీగలో అయినా, దాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా, వేడి వల్లే కొంత రొద ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేయడం కుదరదు. పెళ్ళి పందిట్లో పక్కవాడి మాట వినబడుతుందా లేదా అన్నది వాడు ఎంత గట్టిగా మాట్లాడాడన్నదాని మీదే ఆధారపడదు కదా, బ్యాండ్ మేళం ఎంత గట్టిగా మోగుతోంది అన్నది కూడా చూడాలి. ఆ రెండింటి నిష్పత్తే సిగ్నల్ టు నాయిస్ రేషియో, ఎస్ఎన్ఆర్.

1948లో అక్కడే పనిచేసే క్లాడ్ షానన్ దీన్ని ఒక సూత్రంలో పెట్టాడు. లైన్ ఎంత వెడల్పు, సిగ్నల్ రొదకంటే ఎంత ఎక్కువ, ఈ రెండూ తెలిస్తే తప్పుల్లేకుండా సెకనుకి గరిష్ఠంగా ఎన్ని బిట్లు పంపొచ్చో తేలిపోతుంది. దానికి మించి పంపడం ఎవరి తరమూ కాదు.

ఒక ఉదాహరణ చేద్దాం. టెలిఫోన్ మాట కోసం ఇచ్చిన వెడల్పు సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్. అంటే 3100. ఎస్ఎన్ఆర్ 30 డీబీ అనుకుందాం. షానన్ సూత్రంలో వేస్తే సెకనుకి దాదాపు 31 వేల బిట్లు వస్తుంది. ఇప్పుడు చరిత్ర చూడండి. 1962లో బెల్ 103 మోడెమ్ వేగం సెకనుకి 300 బిట్లు. 1994లో వచ్చిన వి.34 మోడెమ్‌ది 28,800. మూడు దశాబ్దాల పాటు ఇంజినీర్లు పాకుతూ పాకుతూ షానన్ గీసిన గీత దాకా వచ్చారు. తర్వాత వచ్చిన 56కె మోడెమ్ ఎలా దాటింది అంటారా? ఎక్స్ఛేంజ్ వైపు లైన్ అప్పటికే డిజిటల్ అయిపోవడంతో ఒక దిశలో రొద తగ్గింది. గీత అక్కడే ఉంది, లైన్ బాగుపడింది అంతే.

మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ తెరిచింది. ఆ కీచు కీచు డయలప్ శబ్దం మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నేను అప్పటికి ఇంకా పుట్టలేదు.

ఇప్పుడు అసలు మలుపు. 3400 హెర్ట్జ్ హద్దు ఎవరు పెట్టారు? తీగ కాదు. ఎక్స్ఛేంజ్‌లో ఉన్న పరికరాలు. మాటకి అంత చాలు కాబట్టి అక్కడ కత్తిరించారు. మీ ఇంటి నుంచి ఎక్స్ఛేంజ్ దాకా ఉన్న రాగి తీగ పది లక్షల హెర్ట్జ్ దాకా కూడా ఎంతో కొంత మోసుకెళ్ళగలదు. దూరం తక్కువుంటే చాలు.

కానీ ఒక చిక్కు. ఒక లావు కేబుల్‌లో వందల జంట తీగలు పక్కపక్కనే ఉంటాయి. ఎక్స్ఛేంజ్ చివర అన్నీ ఒకచోట చేరతాయి. అక్కడ గట్టిగా బయల్దేరే సిగ్నల్స్ మధ్య, ఎక్కడో ఇంటి నుంచి నీరసంగా వచ్చే సిగ్నల్ మునిగిపోతుంది. 1980ల చివర్లో బెల్‌కోర్ సంస్థలో జోసెఫ్ లెక్‌లైడర్ అనే ఇంజినీరు దీన్ని గమనించి అడిగాడు: రెండు దిశలూ సమానంగా ఎందుకుండాలి? ఇంటికి వచ్చేదానికి ఎక్కువ, ఇంటి నుంచి పోయేదానికి తక్కువ ఇద్దాం. అప్పట్లో కంపెనీల కల టెలిఫోన్ తీగ మీద సినిమాలు చూపించడం, దానికి ఇది సరిగ్గా సరిపోయింది. ఏడీఎస్ఎల్‌లో మొదటి అక్షరం "ఏ" అంటే ఈ అసమానతే. డౌన్‌లోడ్ ఎక్కువ, అప్‌లోడ్ తక్కువ అన్నది కంపెనీల పిసినారితనం వల్లే అని మనం అనుకుంటాం. మొదట్లో మాత్రం దాని వెనక ఉన్నది రాగి తీగల కట్ట.

తర్వాత స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ సియోఫీ, ఆయన 1991లో పెట్టిన అమాటి కంపెనీ. వాళ్ళ పద్ధతి: తీగని ఒకే పెద్ద రోడ్డులా కాకుండా 256 సన్న సందులుగా విడదీయడం. ఒక్కో సందు వెడల్పు 4.3125 కిలోహెర్ట్జ్. మోడెమ్ ఆన్ చేయగానే ముందు ఒక్కో సందులో రొద ఎంతో కొలుస్తుంది. శుభ్రంగా ఉన్న సందులో 15 బిట్ల దాకా వేస్తుంది, రొద ఉన్నచోట రెండో మూడో, మరీ పాడైనచోట సున్నా. 1993లో జరిగిన పోటీ పరీక్షల్లో ఈ పద్ధతే గెలిచింది. థామ్సన్ చెప్పింది గుర్తొచ్చిందా? అరవడం కాదు, కొలవడం. పాత రోజుల్లో మంచి చేసిన లోడింగ్ కాయిల్స్ మాత్రం ఇక్కడ గుదిబండ అయ్యాయి. అవి మాటని కాపాడతాయి, పై ఫ్రీక్వెన్సీలని ఆపేస్తాయి. అవి ఉన్న లైన్లలో వాటిని వెతికి తీసేస్తే తప్ప డీఎస్ఎల్ నడవలేదు.

మన దగ్గర 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కేబీపీఎస్ అని రాశారు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలైంది. ఆ కనీసం 2013లో 512 అయింది, 2023లో 2 ఎంబీపీఎస్ అయింది.

డీఎస్ఎల్ పేజీలో మూడు అంకెలు చూడాలి. ఒకటి అటెన్యుయేషన్, అది దూరం లెక్క, రోజూ మారకూడదు. హఠాత్తుగా పెరిగితే ఎక్కడో జాయింట్ పాడైందని అనుమానించాలి. రెండోది ఎస్ఎన్ఆర్ మార్జిన్. ఇక్కడే అందరూ పొరపడతారు. ఇది మొత్తం ఎస్ఎన్ఆర్ కాదు, మిగులు. ఇప్పుడున్న వేగానికి కావలసింది పోను రొద ఇంకెంత పెరిగినా తట్టుకుంటుందో ఆ గడువు. సాధారణంగా 6 డీబీ మిగులు ఉంచుతారు. పగలు 8 ఉండి రాత్రి 1కి పడిపోతే లైన్ తెగిపోయి మళ్ళీ కలవడం ఖాయం. మూడోది సీఆర్‌సీ ఎర్రర్లు. మొత్తం ఎంత అని కాదు, గంటకి ఎన్ని పెరుగుతున్నాయన్నది ముఖ్యం.

ఇప్పుడు ఫైబర్. 1966లో ఇంగ్లండ్‌లో చార్ల్స్ కావ్, జార్జ్ హాకమ్ ఒక పేపర్ రాశారు. అప్పట్లో గాజు తీగలో కిలోమీటరుకి నష్టం 1000 డీబీ దాకా ఉండేది. వాళ్ళు చెప్పింది, తప్పు గాజుది కాదు, గాజులో ఉన్న మలినాలది. 20 డీబీకి దింపితే చాలు, టెలిఫోన్‌కి పనికొస్తుంది. 20 డీబీ అంటే కిలోమీటరు తర్వాత నూటికి ఒక్క వంతు వెలుగు మిగలడం. 1970లో అమెరికాలో కార్నింగ్ కంపెనీవాళ్ళు 17కి దింపారు. ఈరోజు మంచి ఫైబర్‌లో 0.2 డీబీ. అంటే 15 కిలోమీటర్లు వెళ్ళాక కూడా సగం వెలుగు మిగులుతుంది. కావ్‌కి 2009లో నోబెల్ వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఫైబర్‌నెట్ కేబుల్ నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా వేసుకుంటూ పోయింది, 2017 డిసెంబర్‌లో నెలకి 149 రూపాయల ప్యాకేజీతో ప్రారంభమైంది. అలా ఊళ్ళలోకి కూడా ఈ గాజు తీగ వచ్చేసింది.

ఇంటి ఫైబర్‌లో ఒక తీగనే స్ప్లిటర్ అనే చిన్న డబ్బా 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతుంది. 32కి పంచితే ఆ ఒక్క చోటే 15 డీబీ పైన పోతుంది. అందుకే మీ పేజీలో "ఆర్ఎక్స్ పవర్" మైనస్‌లో ఉంటుంది. డీబీఎం అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పడం. మైనస్ 20 అంటే మిల్లీవాట్‌లో వందోవంతు. ఎక్కువగా వాడే జీపాన్ పరికరాలకి మైనస్ 27 దాకా చదవగలగాలని ప్రమాణం. అంటే మిల్లీవాట్‌లో దాదాపు ఐదువందలో వంతు. దానికి దగ్గరపడితే బాక్స్ తడుముకుంటుంది. ఇందులో ఒక తిరకాసు ఉంది. రాగి లైన్‌లో రొద పెరిగితే వేగం తగ్గి తెలుస్తుంది. ఫైబర్‌లో అలా కాదు. అంచు దాకా పూర్తి వేగం వస్తుంది, అంచు దాటగానే ఉన్నట్టుండి పోతుంది. అందుకే స్పీడ్ టెస్ట్ బాగుందని లైన్ బాగున్నట్టు కాదు.

ఇంకొకటి చెప్పి ముగిస్తా. లైన్ శుభ్రంగా ఉన్నా కాల్ తెగిపోవచ్చు. 1983 డిసెంబర్‌లో మైక్ మూస్ పింగ్ అనే చిన్న ప్రోగ్రామ్ రాశాడు, సముద్రంలో సోనార్ శబ్దం పేరే దానికి పెట్టాడు. పంపిన చప్పుడు ఎంతసేపటికి తిరిగొచ్చిందో చెప్తుంది. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజినీరు తన ఇంటి నుంచి పెద్ద ఫైల్ పంపుతుంటే పింగ్ విపరీతంగా పెరిగిపోవడం గమనించాడు. కారణం, పరికరాల్లో మెమరీ చవకైపోయి పెద్ద పెద్ద క్యూలు పెట్టేశారు. ప్యాకెట్లు పోవు, కానీ రేషన్ షాపు ముందు వరసలా నిలబడిపోతాయి. దానికి ఆయన బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. మీరే పరీక్షించుకోండి. ఒక కిటికీలో పింగ్ నడుపుతూ ఇంకోవైపు పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టండి. పింగ్ 20 నుంచి 400కి ఎగబాకితే జబ్బు లైన్‌లో లేదు, క్యూలో ఉంది. కొన్ని రూటర్లలో స్మార్ట్ క్యూ అనే సెట్టింగ్ ఉంటుంది, అది వాడి చూడండి.

ఇక మా ఇల్లు. ఆ రాత్రి పేజీలో కనబడింది మైనస్ 28.6. అంటే అంచు దాటి బతుకుతోంది. మూడు రోజులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఆ అంకె కాగితం మీద రాసిపెట్టాను. మధ్యాహ్నం కొంచెం మెరుగు, గాలి వీస్తే ఘోరం. ఈసారి ఫోన్‌లో "నెట్ పోతోంది" అనలేదు. "ఆర్ఎక్స్ పవర్ మైనస్ 28.6, గాలికి మారుతోంది" అన్నాను. మర్నాడు లైన్‌మ్యాన్ అన్న వచ్చాడు. కాగితం చూసి, "ఇది ముందే చెప్పుంటే బాక్స్ మార్చమని రాసేవాణ్ణి కాదు తమ్ముడూ" అని, మీటర్ పట్టుకుని నేరుగా స్తంభం ఎక్కాడు. జాయింట్ డబ్బాలో ఫైబర్ పిడికిలంత కూడా లేని చుట్టగా మడతపడి ఉంది. సరిచేశాక మైనస్ 21.4. అయిదు రెట్ల వెలుగు. బాక్స్ మార్చలేదు, ప్లాన్ మార్చలేదు.

చెల్లి పరీక్ష మళ్ళీ పెట్టలేదు. ఆ సెమిస్టర్‌లో ఆ సబ్జెక్ట్ అలాగే పోయింది, తర్వాత సప్లీలో రాసుకుంది. మూడు వారాల ముందు నేను ఆ పేజీ తెరిచి ఉంటే పోయేది కాదు. ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం అదే.

కాబట్టి ఈరోజు, లైన్ బాగున్న రోజునే, ఆ పేజీ తెరవండి. ఉన్న అంకెలు ఫోటో తీసి పెట్టుకోండి. రేపు పాడైనప్పుడు పోల్చడానికి బాగున్నప్పటి అంకె కావాలి కదా. "మా వైపు అంతా బాగానే ఉంది" అని ఎవరైనా అంటే, మీ వైపు ఎలా ఉందో చెప్పడానికి మీ దగ్గర ఒక అంకె ఉంటుంది.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. నమస్తే.